మే నెల ఎండలో బ్రౌనీ మీద ఫ్రాస్టింగ్: నా అనుభవం

బ్రౌనీ మీద పూసే ఫ్రాస్టింగ్ ఎలా చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానివ్వండి. వాళ్లెవరూ మే నెలలో తిరుపతిలో కాపురం చేసినవాళ్లు కారు. బయట 40 డిగ్రీలు దాటిన రోజున మా వంటింటి గట్టు మీద వెన్న పెట్టి, పాలవాడితో నెల లెక్క చూసుకుని వచ్చేసరికి అది గిన్నె అడుగున పచ్చగా పరుచుకుని కనిపిస్తుంది. వెన్న 20 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. 32 నుంచి 35 మధ్య పూర్తిగా కరిగిపోతుంది. మా గది వేడి ఆ అంకెను పొద్దున పది గంటలకే దాటేస్తుంది.

అయినా నాకు ఫ్రాస్టింగ్‌తో పని పడింది. మా అన్నవాళ్లు చిత్తూరులో ఉంటారు. మేనకోడలి పుట్టినరోజు మే నెలలో, ఇక్కడ గంగమ్మ జాతర జరిగే రోజుల్లోనే వస్తుంది. "అత్తా, ఈసారి కేకు వద్దు, బ్రౌనీలు తీసుకురా. పైన మాత్రం మందంగా పూత ఉండాలి" అని ఫోనులో చెప్పేసింది. బ్రౌనీతో నాకు చిక్కు లేదు. మా అత్తమ్మ గుడ్డు ముట్టరు కాబట్టి మా ఇంట్లో ఎప్పుడూ పెరుగూ కండెన్స్‌డ్ మిల్కూ వేసిన బ్రౌనీయే. చిక్కంతా ఆ పూతతోనే. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏసీ లేని బస్సు, ఒడిలో డబ్బా, చంద్రగిరి దాటాక కిటికీలోంచి కొట్టే వడగాలి. దాదాపు రెండు గంటలు ఫ్రిజ్ మొహం చూడకుండా నిలబడే ఫ్రాస్టింగ్ కావాలి. పైగా కండెన్స్‌డ్ మిల్కు వేసిన బ్రౌనీ ముందే తియ్యగా ఉంటుంది. దాని మీద మళ్లీ తీపి కుమ్మరిస్తే రెండో ముక్కకు ఎవరూ చెయ్యి చాపరు.

అందుకని ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టాను. నా పరీక్ష ఒకటే. ఏ ఫ్రాస్టింగ్ చేసినా, ఒక బ్రౌనీ ముక్క మీద పూసి, మూత పెట్టిన స్టీలు డబ్బాలో మేడ మీది గదిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఉంచడం. ఆ గదిలో నిలిచింది బస్సులోనూ నిలుస్తుంది.

ఐసింగ్ షుగర్ (మెత్తని చక్కెర పొడి) సంగతి ముందే చెప్పేస్తాను. దాన్ని కొననక్కర్లేదు. పొడి మిక్సీ జారులో కప్పు చక్కెరకు ఒక చెంచా మొక్కజొన్న పిండి వేసి, ఆపి ఆపి తిప్పి, సన్న జల్లెడలో పట్టాలి. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వేయాలి. ఆ రవ్వే తర్వాత నాలుక మీద ఇసుకలా తగులుతుంది.

మొదట బటర్‌క్రీమ్. ఒక వంతు వెన్న, బరువులో రెండు వంతులు చక్కెర పొడి, బాగా గిలకొట్టాలి. తెల్లవారుజామున చేస్తే అందంగా వచ్చింది, గరిటె ఎత్తితే కొన నిలబడింది. నాలుగు గంటలకు డబ్బా తెరిస్తే పూత మొత్తం ముక్క పక్కలకు జారి కూర్చుంది. వెన్నలో సగానికి వనస్పతి వేస్తే ఆగుతుందని పక్కింటావిడ చెప్పారు. నిజమే, ఆగింది. తిన్నాక పై అంగిలికి జిడ్డు పట్టుకుని కాఫీ తాగినా వదల్లేదు. ఆకారం కోసం నోటిని శిక్షించడం నాకు నచ్చదు. కేకు సామాన్లు అమ్మే కొట్లలో గడ్డకట్టి దొరికే విప్పింగ్ క్రీము జోలికి పోలేదు. అది చల్లగా ఉన్నంతసేపే క్రీము.

మైదా, పాలు ఉడికించి చేసే పద్ధతి ఒకటుంది. 120 మిల్లీలీటర్ల పాలలో రెండున్నర పెద్ద చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద జావ కంటే చిక్కగా అయ్యేదాకా తిప్పి, పూర్తిగా చల్లార్చాలి. 115 గ్రాముల వెన్నను 100 గ్రాముల చక్కెరతో గిలకొట్టి, ఈ ముద్దను చెంచా చొప్పున అందులో కలపాలి. రుచి ఎంత బాగుంటుందో చెప్పలేను. తేలిగ్గా, తీపి తక్కువగా, నోట్లో పెట్టగానే మాయమవుతుంది. అదే దాని జబ్బు కూడా, మేడ మీద కూడా మాయమైంది. దాన్ని డిసెంబరుకు దాచిపెట్టుకున్నాను.

గనాష్ (వేడి క్రీములో చాక్లెట్ కరిగించి చేసే పూత) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే బ్రౌనీకి దాన్ని మించిన జోడీ లేదు. చాక్లెట్ ఎంతో క్రీమూ అంతే అని చాలాచోట్ల రాస్తారు. ఆ కొలత 35 శాతం కొవ్వు ఉండే క్రీముకు. మన కొట్లలో చిన్న అట్టడబ్బాల్లో దొరికే క్రీములో కొవ్వు 25 శాతమే, మిగిలిందాంట్లో నీరే ఎక్కువ. సమానంగా వేస్తే పులుసవుతుంది. అందుకే 200 గ్రాముల చాక్లెట్‌కు 100 గ్రాముల క్రీము. చాక్లెట్‌ను గోరంత ముక్కలుగా తరిగి, అంచుల వెంట బుడగలు వచ్చేదాకా వేడిచేసిన క్రీము దాని మీద పోసి, రెండు నిమిషాలు మూత పెట్టి వదిలేయాలి. తర్వాత గిన్నె నడిమధ్య నుంచి చిన్న చిన్న చుట్లుగా కలుపుతూ బయటికి రావాలి. ముందు విరిగినట్లు చారలు చారలుగా కనిపిస్తుంది. కలుపుతూ ఉంటే మధ్యలో ఒక నల్లని మెరిసే చుక్క పుట్టి, అది పెరిగి పెరిగి గిన్నెంతా అవుతుంది. ఒకవేళ నిజంగానే విరిగి నూనె తేలితే ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి అదే చోట కలిపితే చాలాసార్లు దారికి వస్తుంది.

ఇక్కడ చాక్లెట్ పొట్లం వెనక రాసింది చదవాలి. అసలు చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న, అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే మన ఒంటి వేడికి కొంచెం కింద. అందుకే నోట్లో అంత సుఖంగా కరుగుతుంది, అందుకే మేడ మీది గదిలోనూ కరుగుతుంది. కాంపౌండ్ అని రాసి ఉన్నదాంట్లో కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు వేస్తారు. అది ఎండకు తట్టుకుంది, నోట్లో మాత్రం మైనం నమిలినట్లుంది. రెండూ చెరిసగం కలుపుదామన్న ఆలోచన వస్తే మానుకోండి. ఆ రెండు కొవ్వులకూ పొత్తు కుదరదు, విడివిడిగా ఉన్నదానికంటే మెత్తగా తయారవుతాయి. అసలు చాక్లెట్ గనాష్ ఇంట్లో సాయంత్రం ఫ్రిజ్‌లోంచి తీసి తినడానికే అనుకుని పక్కన పెట్టాను.

చివరికి నిలిచింది, అందరూ పాతకాలంది అని చిన్నచూపు చూసే కోకో పూత. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకు నా కొలత ఇది: 60 గ్రాముల వెన్న, మూడు పెద్ద చెంచాల కోకో పొడి, మూడు పెద్ద చెంచాల పాలు, 200 గ్రాముల చక్కెర పొడి. మన కొట్లలో మామూలుగా దొరికేది ఉప్పు వెన్నే కాబట్టి వేరే ఉప్పు అక్కర్లేదు, ఆ ఉప్పు ఇక్కడ మేలే చేస్తుంది. వెన్న, పాలు, కోకో కలిపి పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వాలి. కోకో వేడి ద్రవంలో ఉడికితేనే దాని వాసన, రంగు పూర్తిగా బయటపడతాయి. దించి, చక్కెర పొడి వేసి ఉండలు లేకుండా గబగబా కలపాలి. మూడో చెంచా పాల బదులు నేను ఫిల్టర్ కాఫీ డికాషన్ వేస్తాను. కాఫీ రుచి విడిగా తెలియదు, తీపిని మాత్రం వంచుతుంది.

దీన్ని పూయకూడదు, పోయాలి. అదీ బ్రౌనీ ఇంకా గోరువెచ్చగా ఉండగానే. ట్రే మధ్యలో పోసి, ట్రేను నాలుగు మూలలకూ వంచితే తనంతట తానే పాకుతుంది. గరిటె పెట్టి సర్దడానికి దొరికేది ఒకటి రెండు నిమిషాలే. మొదట అద్దంలా మెరుస్తుంది, తర్వాత ఒక మూల నుంచి మెరుపు తగ్గుతూ వస్తుంది, మెరుపు పోయిన చోట వేలు ఆనిస్తే అంటుకోదు. ఆ తర్వాత గరిటె తగిలిందో, పైపొర చిట్లి మచ్చ పడుతుంది. కరిగిన చక్కెర చల్లారుతూ మళ్లీ సన్నని పలుకులుగా కట్టుకుని పైన పొర వేస్తుంది. బరువంతా మోసేది ఆ పొరే, వెన్న వంతు తక్కువ. మేడ మీది గదిలో లోపల కాస్త మెత్తబడింది, పైపొర మాత్రం చెక్కుచెదరలేదు.

మేనకోడలు అడిగిన మందం దీంతో రాదు. ఆ మందం కోసం చేసింది వేరుశనగ పూత. రాయలసీమలో ఉంటూ చాక్లెట్ పక్కకు పరాయి గింజలు వెతకడం ఎందుకు? పైగా చిత్తూరు బెల్లం ఉండనే ఉంది. 200 గ్రాముల వేరుశనగ గింజలు సన్న సెగ మీద దోరగా వేయించి, పొట్టు ఊది, మిక్సీలో వేయాలి. ముందు పొడి అవుతుంది, తర్వాత జారు గోడలకు అతుక్కుంటుంది. గీరి గీరి తిప్పుతూ ఉంటే ముద్ద కడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నూనె వదిలి గరిటె జారుగా కదలడం మొదలవుతుంది. మధ్యలో మిక్సీకి విశ్రాంతి ఇవ్వాలి. నూనె విడిగా వేయాల్సిన పని లేదు. 120 గ్రాముల బెల్లం నాలుగు చెంచాల నీళ్లతో కరిగించి, వడకట్టి (ఎంత మంచి బెల్లమైనా అడుగున నలక కనిపిస్తుంది), తీగపాకం రాగానే దించి, 50 గ్రాముల వెన్న, వేరుశనగ ముద్ద వేసి కలపాలి. పాకం తగలగానే ముద్ద బిగుసుకుపోయి గరిటెకు లొంగదు. అప్పుడు వేడినీళ్లు చెంచా చొప్పున పోస్తూ కలిపితే మళ్లీ వదులై నున్నగా అవుతుంది. పాలు మాత్రం పోయకండి. బెల్లం తగిలితే పాలు విరుగుతాయని పాయసం వండే ప్రతి ఇంట్లోనూ తెలిసిందే.

ఇది చల్లారిన బ్రౌనీ మీద వేలెడు మందాన పూసినా జారలేదు. రుచి చూసిన అత్తమ్మ, "ఏమ్మా, ఇది పప్పుండ కదా, దీనికి ఇంగ్లీషు పేరెందుకు?" అన్నారు. మరో ముక్క అడిగి తీసుకున్నారు కాబట్టి మెప్పుగానే లెక్కేసుకున్నాను. పచ్చకర్పూరం కూడా వేయమన్నారు. లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊళ్లో ఉన్నాం, ఆ వాసన లేకపోతే తీపి అనిపించదు ఇక్కడివాళ్లకు. కోకో పక్కన ఆ వాసన నప్పదు. ఆ విషయంలో ఆవిడ మాట వినలేదు.

పుట్టినరోజున రెండు ట్రేలు తీసుకెళ్లాను, ఒకటి కోకో పూత, ఒకటి వేరుశనగ. ముక్కలు కోయలేదు. కోస్తే అంచులన్నీ ఎండిపోతాయి, కుదుపులకు ఒకదానికొకటి అంటుకుంటాయి. వెడల్పాటి స్టీలు డబ్బాల్లో దిమ్మలాగే పెట్టి, మూతకూ పూతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంచి, చుట్టూ తడిపి పిండిన నూలు గుడ్డ కట్టాను. పొడి ఎండలో తడి ఆరుతున్నంతసేపూ డబ్బా చల్లగా ఉంటుంది. చంద్రగిరిలో ఒకసారి, పూతలపట్టు రాకముందు ఒకసారి సీసాలోని నీళ్లు చల్లాను. ఇబ్బంది బస్సులో కంటే ఊళ్లోనే ఎక్కువైంది. జాతర వేషాలు వేసుకుని గుడికి పోయే జనంలో ఆటో కదలక, బస్టాండు చేరేసరికే గుడ్డ ఆరిపోయింది.

చిత్తూరులో డబ్బాలు తెరిస్తే రెండూ పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. చాకును వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక కోత కోసి, మళ్లీ తుడవాలి. అలా చేస్తేనే కోకో పొర పగలకుండా తెగుతుంది. పిల్లలు కోకోదాని మీద పడ్డారు, పెద్దవాళ్లు వేరుశనగ వైపు చేరారు. వదిన పుట్టిల్లు బంగారుపాళ్యం దగ్గర, మామిడి తోటల మధ్య. "తోతాపురి గుజ్జుతో కుదరదా?" అని అడిగింది. ఎందుకు కుదరదు? అప్పటికి తోతాపురి ఇంకా పక్వానికి రాలేదు కాబట్టి జూన్ దాటాక చేశాం. గుజ్జును గరిటె గీస్తే గిన్నె అడుగు కనిపించేంత దగ్గరగా ఉడికించి, చల్లార్చి, గుడ్డలో కట్టి నీరు పోయిన గట్టి పెరుగులో కలపడమే. తోతాపురి పులుపు బ్రౌనీ తీపికి సరిగ్గా సరిపోతుంది, బంగినపల్లి అంత బాగుండదు. ఇది పెరుగు కాబట్టి ప్రయాణానికి పనికిరాదు, ఫ్రిజ్‌లో ఉంచి ఆ పూటకు ఆ పూటే తినేయాలి. మిగతా రెండు పూతలు మామూలు డబ్బాలో రెండు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

మేనకోడలు వచ్చే ఏడాదికి కూడా చెప్పేసింది: ఒకే ట్రేలో సగం అది, సగం ఇది కావాలట. కుదురుతుంది. బటర్ పేపరును నాలుగు మడతలు వేసి ట్రే మధ్యలో గోడలా నిలబెట్టి, బ్రౌనీ గోరువెచ్చగా ఉండగా ముందు కోకో వైపు పోసి, మెరుపు పోయాక పేపరు లాగేసి, దిమ్మ పూర్తిగా చల్లారాక రెండో సగానికి వేరుశనగ పూయాలి. కోకో కొలతలు సగానికి తగ్గించుకోవాలి, వేరుశనగ కొలత తగ్గించకపోయినా మిగలదు.