నాన్న పింఛను అమ్మ పేరుకు మారేలోపు

నాన్న ఆర్టీసీ డ్రైవర్. పాత బస్సుల్లో ఇంజిన్ డ్రైవర్ పక్కనే ఉండేది కదా, ఆ మోతలో ముప్పై ఏళ్లు మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో మంచినీళ్లు అడిగినా అరిచినట్టే ఉండేది. కొత్తవాళ్లు జడుసుకునేవాళ్లు. మాకు అలవాటే.

పెద్దకర్మ అయిన మర్నాడు బాబాయి గుర్తు చేశాడు, ఇంట్లోనే పోయాడు కాబట్టి 21 రోజుల్లోపు మనమే పంచాయతీలో నమోదు చేయించాలి, నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి అని. పరుగెత్తాను. ఆ కంగారులో పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయించాను, పింఛను కాగితాల్లోనేమో పొడి అక్షరం ఒక్కటే ఉంది. దాన్ని సరిచేయించడానికే మూడు వారాలు పట్టింది. ఈ పని మీద తిరిగేవాళ్లెవరైనా ముందు ఆధార్, పాసుపుస్తకం, పింఛను ఆర్డరు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి, మరణ ధ్రువపత్రం కాపీలు కూడా అయిదారు తీసి పెట్టుకోండి.

ఆర్డరు కోసం ట్రంకు పెట్టె తీస్తే పాత ఖాకీ ప్యాంటు గుడ్డతో కుట్టించిన సంచీ ఉంది. అందులో కాగితాలన్నీ వరసగా, పింఛను కోసం అమ్మతో కలిసి తీయించుకున్న ఫోటోతో సహా. పైన ఒక చీటీ: "ముందు పీఎఫ్ ఆఫీసుకి పో. 10డి ఫారం అడుగు. ఏజెంటుకి రూపాయి ఇచ్చావంటే కాళ్లు విరగ్గొడతా." అది చదివి ఆ పెట్టె పక్కనే కూలబడి ఏడ్చాను, శ్మశానంలో కూడా అంత ఏడవలేదు.

నాన్నకి వచ్చే పీఎఫ్ పింఛను పథకం ఈపీఎస్ 95లో భార్యకు ఆయన పింఛనులో సగం వస్తుంది, 2014 నుంచి కనీసం 1,000 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ మందుల ఖర్చుకి అమ్మ ఎవరినీ అడగక్కర్లేదు, ఆయనకి కావాల్సింది అదే.

అమ్మ బడికి వెళ్లలేదు. నాన్న రిటైరయ్యాక పలక కొనుక్కొచ్చి, "వేలిముద్ర వేస్తే ఎవడైనా మోసం చేస్తాడే, నేర్చుకో" అని రోజూ తిట్టి తిట్టి సంతకం నేర్పాడు. దీర్ఘం మర్చిపోయిన ప్రతిసారీ ఇల్లు ఎగిరిపోయేది. ఆఫీసులో ఫారం మీద అమ్మ వణుకుతూ, చాలాసేపు తీసుకుని సంతకం పెట్టింది. తర్వాత నా వైపు తిప్పి, "దీర్ఘం పడిందా, చూడరా" అంది.

పడింది.