పెరుగు గడ్డకడుతుంటే గ్యాస్ కొట్టాలన్నారు!

ఫ్రిజ్ చల్లబరచడం లేదని ఏడ్చేవాళ్ళు ఊరంతా ఉంటారు. మరీ చల్లబడిపోయి చంపుతోందని చెప్తే మాత్రం ఎవరికీ ఎక్కదు. "కూలింగ్ ఎక్కువైతే మంచిదే కదండీ" అని నవ్వేస్తారు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే గొడవ. నిన్న సాయంత్రానికి తేలింది. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది విజయవాడ. రెండు తలుపుల ఫ్రిజ్, పైన ఫ్రీజర్, దానంతట అదే ఐస్ కరిగించుకునే రకం. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ముందు తోటకూరతో మొదలైంది. సాయంత్రం తెచ్చి కింది ట్రేలో పెట్టిన కట్ట పొద్దున తీస్తే ఆకులు గాజు పెంకుల్లా పుటుక్కున విరిగాయి. గట్టు మీద పెట్టిన కాసేపటికే నల్లబడి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. తర్వాత పెరుగు. రాత్రి కమ్మగా తోడుకున్న గిన్నె లోపల పెడితే మర్నాటికి మధ్యలో గడ్డ, చుట్టూ నీళ్ళు. గుడ్లు కూడా నిలువునా చిట్లాయి. గుడ్డులో ఉన్నదంతా ఎక్కువ నీరే కదా, గడ్డకడితే ఉబ్బుతుంది, పెంకు ఆగదు.

కూరా పెరుగూ అయితే ఏదోలా సర్దుకునేవాళ్ళం. మా అత్తయ్యకు ఇన్సులిన్ ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టిందా, మళ్ళీ కరిగి మామూలుగా కనిపించినా సరే, పారెయ్యాల్సిందే. దాని పని అది చేస్తుందన్న నమ్మకం ఉండదు. షుగరున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా చదవకపోయినా ఫర్వాలేదు. మా డబ్బా పట్టుకెళ్ళి పై వాటా ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టాను. ఆవిడ గురించి మళ్ళీ చెప్తాను.

సొంతంగా చేసుకునేవి ఎవరైనా చేసుకునేవే. కింది భాగం సెట్టింగు అన్నిటికన్నా తక్కువ చల్లదనానికి మార్చాను. గాలి వచ్చే చిల్లుల ముందు నుంచి గిన్నెలు జరిపాను. డోర్ రబ్బరు తుడిచి, మధ్యలో కాగితం పెట్టి తలుపు వేసి లాగి చూశాను, గట్టిగానే పట్టుకుంది. ఒక రోజంతా ప్లగ్ తీసేసి తలుపులు బార్లా తెరిచి ఉంచాను. ఎక్కడైనా ఐస్ అడ్డుపడి ఉంటే దానికే కరిగిపోతుంది. మార్పేమీ లేదు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. గొప్ప కోసం చెప్పడం లేదు (కొంచెం గొప్ప కోసమే), తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి. గాలి ఉష్ణోగ్రత తలుపు తెరవగానే మారిపోతుంది, అందుకని గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ వేసి మధ్య అర మీద రాత్రంతా ఉంచాను. పొద్దున నీళ్ళ మీద మంచు పొర, పాదరసం సరిగ్గా సున్నా దగ్గర. మంచూ నీళ్ళూ కలిసి ఉంటే అది సున్నాయే చూపిస్తుంది, కాబట్టి లోపలి గాలి అంతకన్నా చల్లగా ఉన్నట్టే. నిజానికి అక్కడ 4 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. స్కూలు థర్మామీటర్ మైనస్ 10 దాకానే ఉంటుంది కాబట్టి ఫ్రీజర్‌కి పనికిరాదు. దానికోసం వైరుతో ఉండే చిన్న డిజిటల్‌ది కొన్నాను. ఫ్రీజర్ మైనస్ 18. అంటే ఫ్రీజర్ నిక్షేపంలా ఉంది, కిందే తేడా.

ఇదంతా కాగితం మీద రాసి పెట్టుకుని కంపెనీ వాళ్ళ సర్వీసుకి ఫోన్ చేశాను.

మొదట ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అది మావారి ఫోన్‌కి వచ్చింది, ఫ్రిజ్ కొన్నప్పుడు ఆయన నంబరే ఇచ్చాం. ఆయన చూసి "అయిపోయిందట" అన్నారు. ఏం అయిపోయిందో అడగలేదు. మళ్ళీ ఫోన్, మళ్ళీ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ పాట. చివరికి ఒకరోజు పొద్దున వస్తామన్నారు. స్కూల్లో ఒక సి.ఎల్. (క్యాజువల్ లీవు) పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు.

తలుపు తీసింది నేను, కంప్లైంట్ పెట్టింది నేను. ఆ అబ్బాయి నా భుజం మీదుగా లోపలికి చూసి, "సార్ లేరా మేడం?" అన్నాడు. సార్ ఉన్నారు. సార్‌కి మా ఇంట్లో ఫ్రిజ్ ఏ మూల ఉందో తెలుసు, అంతవరకే. అయినా ఆ తర్వాత మాటలన్నీ సార్‌తోనే. ఫ్రిజ్ తలుపు తెరిచి చెయ్యి పెట్టి, "బ్రహ్మాండంగా కూల్ అవుతోంది కదా సార్" అన్నాడు. కొయ్యబారిపోయిన తోటకూర కట్ట చూపించాను. "లేడీస్ సెట్టింగ్ ఎక్కువ పెట్టేస్తారు సార్, మాకు రోజూ ఇదే." సెట్టింగు చూడు బాబూ, అన్నిటికన్నా కిందే ఉంది అన్నాను. చూశాడు. "చలికాలం కదా మరి." విజయవాడలో! రాత్రి కూడా ఫ్యాను వేసుకుని పడుకునే ఊరిది, లంబసింగి కాదు.

నా కాగితం తీసి, ఫ్రీజర్ మైనస్ 18, కింద సున్నా కన్నా తక్కువ అని చదివాను. కాగితం వంక కూడా చూడలేదు. ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి, కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించి, తల ఊపి, "గ్యాస్ తగ్గింది సార్. అందుకే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. గ్యాస్ ఛార్జింగ్ చెయ్యాలి, లోపలి సర్క్యూట్ బోర్డు కూడా మార్చెయ్యడం మంచిది. మొత్తం 9,400 అవుతుంది" అన్నాడు. మీటర్ తియ్యలేదు. ఒక్క స్క్రూ విప్పలేదు.

ఇక్కడ నేను ఊరుకోలేకపోయాను. గ్యాస్ తగ్గిందంటే ఫ్రీజర్ కూడా దెబ్బతినాలి. ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, ఐస్ కట్టడం ఆలస్యమవుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 చూపిస్తుంటే గ్యాస్ ఎలా తగ్గుతుంది? పైగా గ్యాస్ వాడుకుంటే అరిగిపోయేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. కారితే ముందు కన్నం వెతకాలి, అది చూడకుండా కొత్త గ్యాస్ నింపితే అదీ కారిపోతుంది. ఇదే మాట పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాను.

"మేడం, మీరు టీచరైతే స్కూల్లో చెప్పుకోండి. మాకు చెప్పొద్దు."

సరిగ్గా అప్పుడే పై వాటా ఆవిడ కరివేపాకు కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకు నవ్వు ఆగలేదు. మా అత్తయ్య కుర్చీలోంచి, "ఆ అబ్బాయి రోజూ అదే పని చేసేవాడే కదమ్మా" అన్నారు. మావారు పేపరు మడిచి, "ఆయన చెప్పేది ఒకసారి వినరాదూ" అన్నారు. ఆయనట! ఆ అబ్బాయికి మా పదో తరగతి పిల్లల కన్నా మహా అయితే నాలుగేళ్ళు ఎక్కువ ఉంటాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకు గుప్తోష్ణం చెప్తున్నదాన్ని, నా వంటింట్లో, నా ఫ్రిజ్ ముందు, అట్లకాడ చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అత్తయ్య ఇన్సులిన్ ఆవిడ ఇంట్లో ఉంది కాబట్టి పై వాటా ఆవిడను ఒక్క మాట అనలేను.

అంతటితో అయిందా. విజిటింగ్ ఛార్జి 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590 కట్టించుకున్నాడు. సరే, వచ్చినందుకు ఇవ్వాలి. తర్వాత, "సార్, మీ ఫోన్‌కి కోడ్ వచ్చి ఉంటుంది, చెప్పండి" అన్నాడు. నేను వద్దు వద్దు అంటూనే ఉన్నాను, మావారు నాలుగంకెలూ గడగడా చదివేశారు. అతను మెట్లు దిగేలోపే రెండో మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి." ఆ కోడ్ పని పూర్తయిందని మనం పెట్టే సంతకం లాంటిది. రిపేరు అవ్వకుండా, మీ కళ్ళతో చూసుకోకుండా ఎవరికీ చెప్పకండి. ఎస్టిమేటు ఇవ్వడానికి కోడ్ కావాలి, పార్టు తేవడానికి కోడ్ కావాలి అంటారు. చాలావరకు అక్కర్లేదు. వాళ్ళ లెక్కల్లో కంప్లైంట్ మూసెయ్యడానికి కావాలి, అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పెరుగు కూడా వెయ్యలేదు.

తర్వాత స్కూల్లో మా డ్రిల్లు మాస్టారు వన్‌టౌన్‌లో ఒక పాత మెకానిక్ ఉన్నాడని చెప్పారు. చిన్న షాపు, బోర్డు కూడా సరిగ్గా కనిపించదు. ఆయన ఫోన్‌లో మొదట అడిగింది ఇదీ: "పైన ఐస్ ఎలా కడుతోందమ్మా?" రాయిలా కడుతోందన్నాను. "అయితే కంప్రెసర్ జోలికి పోనక్కర్లేదు టీచరుగారూ, కింద చూద్దాం." ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఈ రకం ఫ్రిజ్‌లో చల్లబరిచే కాయిల్ ఒకటే, ఫ్రీజర్ వెనకాల ఉంటుంది. ఫ్యాను ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి ఊదుతుంది, కొంత గాలి ఒక దారి గుండా కిందికి దిగుతుంది. ఆ దారిలో చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. కింద వేడెక్కిందని సెన్సర్ చెప్తే రెక్క తెరుచుకుంటుంది, చాలినంత చల్లబడిందంటే మూసుకుంటుంది. కాబట్టి కింద మాత్రమే గడ్డకడుతోందంటే చాలావరకు మూడింట్లో ఒకటి: రెక్క తెరిచినట్టే బిగుసుకుపోవడం, సెన్సర్ అబద్ధం చెప్పడం, అరుదుగా బోర్డు పాడవడం. తలుపు ఒకటే ఉండే ఫ్రిజ్‌లో ఈ రెక్క ఉండదు, అక్కడ థర్మోస్టాట్‌ని చూడాలి. దాని కాంటాక్టులు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగదు, దాని సన్నటి గొట్టం ఐస్ పెట్టె దగ్గర్నుంచి ఊడి వచ్చినా అంతే.

ఆయన వచ్చి ప్లగ్ తీసి, లోపలి మూత విప్పి, థర్మోకోల్ ముక్క పక్కకి తీసి రెక్కని వేలితో కదిపాడు. తేలిగ్గా కదిలింది, ఐస్ లేదు. తర్వాత పక్క గోడలో సెన్సర్ బయటికి లాగాడు. రెండు సన్నటి వైర్ల చివర చింతగింజ కన్నా చిన్న నల్లటి గుండు. "గ్లాసులో ఐస్ నీళ్ళు ఇవ్వండమ్మా" అన్నాడు. ఇచ్చాను. గుండుని అందులో ముంచి, వైర్లకు మల్టీమీటర్ పెట్టాడు. మా ఫ్రిజ్‌లోది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించే రకం. చల్లబడే కొద్దీ నిరోధం పెరగాలి, సున్నా దగ్గర 30కి అటూ ఇటూ రావాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో విలువ ఉంటుంది, మీది చూసుకోండి. మాది ఐస్ నీళ్ళలో ఉండి కూడా 11 దగ్గరే కొట్టుకుంటోంది. అంటే చుట్టూ గడ్డకట్టిపోతున్నా అది బోర్డుకి "ఇక్కడ ఇరవై పైన ఉంది, గాలి వదలండి" అని చెప్తోంది. బోర్డు పాపం నమ్మి రెక్క తెరిచి ఉంచింది. గుండులోకి సన్నగా తేమ దిగితే ఇలా అవుతుందట, నిరోధం పడిపోతుంది. మా క్లాసులో చెప్పే పాఠం నా వంటింటి గట్టు మీద జరుగుతుంటే మావారిని పిలిచి దగ్గరుండి చూడమన్నాను. చూశారు. ఏమీ అనలేదు.

కొత్త సెన్సర్ 350, పనికి 400. వైర్లు కలిపిన చోట సోల్డర్ చేసి, మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడిచేసి బిగించి, సిలికాన్ పూశాడు. ఇది అడిగి మరీ చేయించుకోండి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఆ అతుకులోకి తేమ చేరి మళ్ళీ మొదటికే వస్తుంది. పాత గుండుని నాకివ్వమని అడిగి తీసుకున్నాను, తొమ్మిదో తరగతికి చూపించాలి.

గ్యాస్ గురించి ఇంకో మాట. ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఉన్నది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మంటపుట్టే వాయువు. ఎంత గ్యాస్ ఉందో ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, మామూలుగా కొన్ని పదుల గ్రాములు. ఎవరు పడితే వాళ్ళు వంటింట్లో గొట్టం కోసి మంట పెట్టి అతకడానికి ఒప్పుకోకండి. ముందు గ్యాస్ ఎందుకు తగ్గిందనుకుంటున్నారో అడగండి. జవాబు రాకపోతే పంపించెయ్యండి.

నిన్న రాత్రి గ్లాసు నీళ్ళలో మళ్ళీ థర్మామీటర్ పెట్టాను. పొద్దున 4 చూపించింది. ఇన్సులిన్ కిందికి తెచ్చుకున్నాను, పై వాటా ఆవిడకు థాంక్స్ చెప్పాను, 350 రూపాయల సెన్సర్ సంగతి కూడా వివరంగా చెప్పాను.

ఇక ఆ 590. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, పరీక్ష చెయ్యకుండా ఎస్టిమేటు ఇవ్వడం, పని కాకుండానే కోడ్ తీసుకుని మూసెయ్యడం, రెండూ చెప్పి ఫిర్యాదు పెట్టాను. డాకెట్ నంబరు మెసేజ్‌లో వచ్చింది. ఈసారి ఇచ్చిన ఫోన్ నంబరు నాది.