మూడు నల్లరాళ్లు, ఒక నిమ్మచెక్క

నవంబరు 2, ఆదివారం

పాప ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ఇంట్లో, ఇంటి చుట్టూ దొరికే రాళ్లను గుర్తుపట్టే ప్రాజెక్టు తీసుకుంది. పెట్టెలో పేర్లతో సహా అమ్మే రాళ్ల సెట్టు మాత్రం వద్దనుకున్నాం. పేర్లు ముందే రాసి ఉంటే పిల్ల తేల్చడానికి ఇంకేం మిగులుతుంది? పైగా హైదరాబాద్‌లో ఉంటూ రాళ్లు కొనుక్కోవడమేమిటి!

బండల షాపులో అడిగితే కోతలో మిగిలిన ముక్కలు ఊరికే ఇచ్చారు: కడప బండ, తాండూరు బండ, పాలరాయి, గెలాక్సీ గ్రానైట్. పక్క వీధిలో ఇల్లు కడుతున్న చోట మేస్త్రీని అడిగి నల్ల కంకర తెచ్చుకున్నాం. ఖాళీ ప్లాటులో బూడిదరంగు, గులాబీరంగు గ్రానైట్ ముక్కలు, ఒక తెల్ల పలుగురాయి దొరికాయి. మా అమ్మ అటక మీంచి తన పాత మార్కాపురం పలక తీసిచ్చింది.

ప్రతి రాయికీ ఒక మూల వైట్‌నర్‌తో చిన్న చుక్క పెట్టి, ఆరాక దాని మీద పెన్నుతో నంబరు వేసింది. నోటుబుక్కులో అదే నంబరు, ఎక్కడ దొరికిందన్న వివరం. ఈ పని మొదటిరోజే అయిపోవాలి. ఎక్కడిదో తెలియని రాయికి సగం విలువ పోయినట్టే.

గ్రానైట్‌తో మొదలుపెట్టాం. రాయిని కడిగి, తడిగా ఉండగానే కిటికీ దగ్గర ఎండలో మెల్లగా తిప్పుతూ భూతద్దంతో చూడాలి. ఒక కోణంలో కొన్ని గింజలు చదునుగా తళుక్కుమంటాయి, అవి ఫెల్డ్‌స్పార్. ఎటు తిప్పినా అలా మెరవకుండా, పగిలిన గాజులా బూడిదరంగులో కనిపించేది క్వార్ట్జ్. నల్లటి రేకులు అభ్రకం. మూడూ కంటికి ఆనేంత పెద్ద గింజలు కాబట్టి, భూమి లోపల చాలా నెమ్మదిగా చల్లారిన అగ్నిశిల. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని చెప్పగానే పాప చేతిలోని ముక్కను మళ్లీ ఒకసారి చూసుకుంది.

నవంబరు 9, ఆదివారం

ఇవాళ అసలు చిక్కు నల్లరాళ్లతో. కడప బండ, కంకర, గెలాక్సీ మూడింటినీ జనం నల్లరాయి అనే అంటారు. దూరం నుంచి చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి.

నిమ్మరసం కంటే ముందు మేకు పరీక్ష. ఇనుప మేకుతో గట్టిగా గీసి, ఆ గీత మీద తడివేలితో రుద్దాలి. గీత చెరిగిపోతే అది రాయి మీద అంటుకున్న మేకు ఇనుమే, రాయి గట్టిది. చెరగకుండా గాడి మిగిలితే రాయి మెత్తది. చాలామంది ఈ తుడవడం వదిలేస్తారు, అక్కడే ఫలితం తారుమారవుతుంది. కడప బండకు గాడి పడింది. మిగతా రెండింటికీ గీత చెరిగిపోయింది.

ఆ గాడిలో రాలిన పొడి మీదే నిమ్మరసం చుక్క వేయాలి. నున్నటి రాతి మీద వేస్తే స్పందన కంటికి ఆనదు, పొడి మీదైతే భూతద్దంలో సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. కడప బండ సున్నపురాయి, అందుకే ఆ బుడగలు. కడప బండ గట్టున్న వంటింట్లో నిమ్మకాయ కోసే చోట తెల్లటి మచ్చలు ఎందుకు పడతాయో, ఎంత తోమినా ఎందుకు పోవో అప్పుడు ఇంట్లో అందరికీ అర్థమైంది. పులుపు రాతి పై పొరనే తినేస్తుంది. అందుకే పరీక్ష విడి ముక్క మీదే చేయండి, గట్టు మీద వద్దు.

తాండూరు బండ, పాలరాయి కూడా పొంగాయి. తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయి కోసమే. పాలరాయి అదే సున్నపురాయి వేడికీ ఒత్తిడికీ మారిన రూపం. విరిగిన అంచున పంచదార పలుకుల్లా మెరుస్తుంది. పలక పొంగలేదు, అంచున మాత్రం పొరలు పొరలుగా విడింది. అదీ రూపాంతర శిలే, కాకపోతే బురదరాయి నుంచి వచ్చింది. పలుగురాయి పాత సీసా మీద సులువుగా గీత పెట్టింది (సీసాను చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పడుకోబెట్టాలి).

నవంబరు 16, ఆదివారం

మిగిలినవి కంకర, గెలాక్సీ. వంటింటి డిజిటల్ త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేశాం. రాయిని దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలోకి దించాం. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. కంకర బరువు 186 గ్రాములు, నీళ్లలో దించితే చూపింది 62. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత 3.0. గ్రానైట్ 158కి 60, అంటే 2.63. నల్ల కంకర గ్రానైట్ కాదని ఈ అంకెలే చెప్పేశాయి. గెలాక్సీ కూడా 3.0కి దగ్గరగానే వచ్చింది.

మరి ఆ రెండింటికీ తేడా? గింజ. కంకరలో గింజలు భూతద్దంలో కూడా కష్టం మీద కనిపిస్తాయి. గ్రానైట్ పగుళ్లలోకి ఎగదన్ని త్వరగా చల్లారిన డోలరైట్ అది. ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీలో గింజలు పెద్దవి, మధ్యలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అది గాబ్రో జాతి, అంటే పెద్ద గింజలున్న నల్లటి అగ్నిశిల. ప్రపంచమంతా గ్రానైట్ పేరుతోనే అమ్ముతారు కానీ, భూగర్భశాస్త్రం లెక్కలో గ్రానైట్ కాదు. "మరి చార్టులో ఏం రాయాలి నాన్నా?" అంది. రెండూ రాయమన్నాను: ఒక గడిలో షాపు పేరు, పక్క గడిలో శిల పేరు, మూడో గడిలో ఏ పరీక్షతో తేలిందో. జడ్జీలు అడిగేది ఆ మూడో గడి గురించే.

వచ్చేవారం వికారాబాద్ వైపు వెళ్తున్నాం. అక్కడ ఎర్రటి లాటరైట్, దక్కన్ లావా బసాల్ట్ రెండూ దొరుకుతాయి. విశాఖలో ఉండే మా అక్కను గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం గింజలున్న ఖొండలైట్ అనే రూపాంతర శిల ముక్క ఒకటి పట్టుకురమ్మన్నాం. బసాల్ట్‌ను డోలరైట్ పక్కన పెట్టి చూడాలి.