అంబాసిడర్ కింద దూరితే కనిపించే ఇస్సిగొనిస్

హనుమకొండలో ఏ పాత షెడ్డులోనైనా అంబాసిడర్‌ను జాకీ మీద లేపి చూడండి. ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగ్ ఉండదు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ నుంచి ఫ్లోర్ కింద వెనక్కి ఒక ఉక్కు కడ్డీ పోతుంది. చక్రం గుంతలో పడితే కడ్డీ మెలితిరిగి, మళ్లీ సర్దుకుంటుంది. అదే టోర్షన్ బార్. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్ కంపెనీ మోరిస్ చేసిన ఆక్స్‌ఫర్డ్ కారు. మోరిస్ బండ్లకు ఈ కడ్డీని, రాక్ అండ్ పినియన్ స్టీరింగ్‌ను (పళ్ల చక్రం తిరిగి పళ్ల కడ్డీని పక్కకు జరిపే పద్ధతి) అలవాటు చేసినవాళ్లలో ముఖ్యుడు బ్రిటిష్ కార్ల డిజైనర్ అలెక్ ఇస్సిగొనిస్.

ఈ కడ్డీ విప్పేటప్పుడు ముందు దాని మీది బరువు తీసేయాలి, లేకుంటే ఆర్మ్ విసురుగా కొడుతుంది. వాడిన కడ్డీలను కుడి ఎడమ మార్చొద్దు, అవి ఒక వైపు మెలికకే అలవాటు పడి ఉంటాయి. పాన తగిలి గీత పడినా చాలు, పగులు అక్కడే మొదలవుతుంది.

ఇస్సిగొనిస్ 1906లో స్మిర్నాలో (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) పుట్టాడు, 1923లో ఇంగ్లండ్ చేరాడు. బాటర్సీ పాలిటెక్నిక్‌లో లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. 1948లో ఆయన డిజైన్ చేసిన మోరిస్ మైనర్ కారు వచ్చింది. చివరి నిమిషంలో బండి సన్నగా ఉందనిపించి, నమూనాను నిలువునా కోయించి 4 అంగుళాలు ఎడం చేయించాడు. అప్పటికే బంపర్లు తయారైపోయాయి. అందుకే తొలి మైనర్ల బంపర్‌కు నట్టనడుమ 4 అంగుళాల అతుకు ఉంటుంది.

1959 నాటి మినీ కారు ఆయన మొండితనానికి అసలు నమూనా. పొడవు 10 అడుగులు, చక్రాలు 10 అంగుళాలు, ఇంజన్ 848 సీసీ. ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కింద ఆయిల్ నిలిచే తొట్టి (సంపు)లోనే ఇమిడ్చాడు. జాగా మిగిలింది, పని మెకానిక్ మీద పడింది. గేర్ల అరుగుడు పొడి అంతా ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. కాబట్టి 5,000 కిలోమీటర్లకైనా ఆయిల్ మార్చాల్సిందే. విప్పిన డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటితే భయం లేదు. చేతికి గుచ్చుకునే పెళ్లలు దొరికితే గేరు పన్ను పోయినట్టే.

మినీతో ఇంకో తంటా డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం. నమూనా బండిలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ముందువైపు ఉండేది. దానిలో మంచు పేరుకుంటుండటం ఒక కారణంగా ఇంజన్‌ను అటుదిటు తిప్పారు. దాంతో డిస్ట్రిబ్యూటర్ గ్రిల్ వెనకకు వచ్చి, వానకు తడిసి బండి ఆగిపోయేది. రబ్బరు గ్లౌజు తొడిగి, వేళ్ల కొసలు కోసి, వాటిలోంచి ప్లగ్ వైర్లు లాగడం అప్పటి చిట్కా. మన జూలై ముసురుకైతే అది లేకుండా బండి ములుగు రోడ్డు దాటదు.

1969లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఆయన మాక్సీ కారుకు గేర్లు కేబుళ్లతో నడిచేవి, సరిగ్గా పడేవి కావు. మరుసటి ఏడే ఆ కేబుళ్లను పీకి రాడ్లు పెట్టారు.