ఇంటిపేరు ఒక్కటే మిగిలిన ఆటగాడు

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు నడుం వాలుద్దామనుకుంటూనే 1900 నాటి పారిస్ ఒలింపిక్స్ ఫలితాలు తెరిచాను. కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ రెండు రజతాలు గెలిచింది అక్కడే కనుక ఆయన పేరు చూడాలనుకున్నాను గాని, చూపు గోడకేసి బంతి కొట్టి ఆడే బాస్క్ పెలోటా అనే ఆట దగ్గర ఆగిపోయింది. ఆ విభాగంలో నమోదైనవి రెండే జట్లు, నలుగురే మనుషులు. స్పెయిన్ తరఫున ఫ్రాన్సిస్కో విల్యోటా, హోసే దె అమెసోలా; ఫ్రాన్స్ తరఫున మోరిస్ దుర్కెటీ, ఎచెగరే. ఈ నాలుగో ఆయనకు ఇంటిపేరే గాని అసలు పేరు లేదు.

సాయంత్రం వరకు ఆయన గురించే ఆలోచించాను. వాళ్లు ఆడిన పద్ధతిలో ఆటగాడు కుడిచేతికి వంపు తిరిగిన పొడవాటి బుట్టను కట్టుకుంటాడు. చెస్ట్‌నట్ కర్ర చట్రానికి సన్నని బద్దలు అల్లి చేసే ఆ బుట్టలోకి, గోడకు కొట్టుకుని వచ్చే మేకతోలు బంతిని పట్టి, ఆపకుండా అదే ఊపులో తిరిగి గోడకేసి విసరాలి. ఈ ఆటలో బంతి గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భమూ ఉంది. అంత పదునైన చేతివాటం కావలసిన ఆటకు పారిస్‌లో స్కోరు కూడా మిగలలేదు. ఫ్రెంచి జంట అసలు బరిలోకే దిగలేదని వాదించే చరిత్రకారులు ఉన్నారు. అయినా స్పెయిన్ దాన్ని తన తొలి ఒలింపిక్ స్వర్ణంగా లెక్కిస్తుంది. ఆ దేశానికి రెండోది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో గుర్రపుస్వారీలో గాని రాలేదు.

గెలిచినవాళ్లను దేశం ఏదో ఒక రోజు వెతికి పట్టుకుంటుంది, ఓడినవాడి కోసం ఆ శ్రమ ఎవరు పడతారని నాకు కొంచెం కోపమే వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా అబ్బాయి, "ఇద్దరే ఉంటే ఓడినా రజతమేనా నాన్నా?" అని నవ్వాడు. నవ్వవలసిన మాటే. అయితే 1924లోనూ, 1968లోనూ, 1992లోనూ పెలోటాను ప్రదర్శన క్రీడగా మాత్రమే ఆడించారు కనుక, ఈ ఆటలో ఒలింపిక్ పతక విజేతల జాబితా ఆ నలుగురితోనే మొదలై ఆ నలుగురితోనే ముగిసిందని వాడికి చెప్పాను.