ఐపీ అడ్రస్ మీద కర్చీఫ్ వేసి కూర్చున్నా

ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా మా బాబాయికి జిరాక్స్ షాపు ఉంది. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు సర్వర్ 22.04 (లైనక్స్‌లో ఒక రకం) వేసి, రెండు ప్రింటర్లూ దానికే తగిలించి కౌంటర్ కింద పెట్టాను. దానికి మానిటర్ కూడా లేదు. పైనున్న రెండు విండోస్ సిస్టమ్‌లు దాని ఐపీ అడ్రస్‌ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) పట్టుకునే ప్రింటు పంపుతాయి. చిక్కల్లా అక్కడే. కరెంటు పోయి వస్తే రూటర్ పాత లెక్కలు మర్చిపోయి దానికి కొత్త అడ్రస్ ఇచ్చేది. వెంటనే బాబాయి ఫోను: "ఒరేయ్, అడంగల్ కాపీలకి జనం నిలబడ్డారు, ప్రింటు రావట్లేదు."

స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రస్, పెట్టేస్తే గొడవ వదులుతుంది కదా అని ఒక ఆదివారం కూర్చున్నా. గుర్తుండే నంబర్ కదా అని 192.168.1.50 ఎంచుకున్నా.

ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్ ఫైల్‌లో ట్యాబ్ కొడితే ఊరుకోదు, స్పేస్‌లే కొట్టాలి. అడ్రస్ చివర /24 (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే అంకె) లేకపోయినా ఊరుకోదు. రూటర్ అడ్రస్‌ని గేట్‌వే4 అని రాస్తే అది పాత పద్ధతి, రూట్స్ కింద రాయమని సణుగుతుంది. సైటు పేరుకి నంబర్ వెతికిపెట్టే నేమ్‌సర్వర్లు రాయడం మర్చిపోతే గూగుల్ వాళ్ల 8.8.8.8కి పింగ్ (పలకరింపు) వెళ్తుంది గానీ పేరుతో ఏ సైటూ తెరుచుకోదు. ఇవేవీ పెద్ద కష్టం కాదు, తప్పు ఎక్కడుందో దాదాపు అదే చెప్పేస్తుంది.

చెప్పకుండా దెబ్బకొట్టింది నెట్‌వర్క్ కార్డు పేరు. నేను చూసి రాసుకున్న ఉదాహరణలో ఈఎన్‌పీ0ఎస్3 అని ఉంది. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) కనబడే పేరు అది. మా డెస్క్‌టాప్‌లో కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0. చూసుకోకుండా పక్క సిస్టమ్‌ నుంచే రీబూట్ కొట్టా. మళ్లీ దొరికితే ఒట్టు. కౌంటర్ మీది మానిటర్ పీకి, కింద బోర్లా పడుకుని, ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని సరిచేశాను. అప్పటినుంచి ముందు 'ఐపీ ఏ' కొట్టి కార్డు పేరు చూస్తా. మార్పు చేశాక 'నెట్‌ప్లాన్ ట్రై' కొడతా. 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే అదే పాత సెట్టింగులకి వెళ్లిపోతుంది.

వారం రోజులు హాయిగా నడిచింది. ఆ తర్వాతే అసలు టెన్షన్. ప్రింటు పూర్తిగా ఆగిపోతే ఒక దారి. ఇది అలా కాదు, నాలుగు కాగితాలు వస్తాయి, ఐదోది రాక ఆగిపోతుంది. పావుగంటకి దానంతటదే వచ్చేస్తుంది. కేబుల్ మార్చా, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ వేశా, నెట్‌ప్లాన్ ఫైల్ పదిసార్లు చదివా. బాబాయి మాత్రం డ్రమ్ము పోయిందని తేల్చేశాడు.

ప్రింటు ఆగిన సమయంలోనే విండోస్ సిస్టమ్‌లో ఏ ఐపీ ఏ కార్డుదో చూపే 'ఏఆర్‌పీ -ఏ' కొట్టి చూడాలని నాకు ఎప్పటికో తోచింది. 50 పక్కన ఉన్న మ్యాక్ నంబర్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబర్) మా డెస్క్‌టాప్‌ది కాదు, డీఏతో మొదలవుతోంది. మొదటి జంటలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కంపెనీ కార్డుకి కేటాయించిన నంబర్ కాదు, తర్వాత పెట్టుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మామూలుగా వైఫైలోకి ఇలాంటి మారు నంబర్‌తోనే వస్తాయి. అంటే ఎవరిదో ఫోను.

అప్పుడు గుర్తొచ్చింది. షాపులో సిగ్నల్ సరిగా ఉండదని బాబాయి వైఫై పాస్‌వర్డ్ గోడకి అంటించాడు, వచ్చినవాళ్లు ఆధార్ ఫైళ్లు పంపుకోవడానికి. మా రూటర్ 2 నుంచి 254 దాకా నంబర్లన్నీ పంచుతోంది. అందులో 50 కూడా ఉంది! నేను లైనక్స్‌లో రాసుకున్న సంగతి దానికేం తెలుసు? నేను బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసి వచ్చా, అదే సీటుకి రిజర్వేషన్ కౌంటర్లో ఇంకొకరికి టికెట్ ఇచ్చేశారు. పైగా రాత్రి డెస్క్‌టాప్ ఆపేస్తారు. పొద్దున్నే ముందొచ్చిన ఫోను 50 పట్టుకుపోయేది. తర్వాత మా డెస్క్‌టాప్ లేచి, ఎవరైనా ఉన్నారా అని అడక్కుండా అదే సీట్లో కూర్చునేది. ఆ ఫోను వెళ్లిపోయిన పావుగంటకి అంతా బాగుపడేది, నేను చేసిన పని ఫలించిందని నేను అనుకునేవాణ్ణి.

రూటర్ పేజీ తెరిచి, పంచే నంబర్లు 100 నుంచి 200 వరకే ఉండేలా కుదించా. డెస్క్‌టాప్‌ని 10కి మార్చా. రెండు విండోస్ సిస్టమ్‌లలోనూ ప్రింటర్‌ని కొత్త అడ్రస్‌తో మళ్లీ కలిపా. ఇంకెవరూ ఆ నంబర్‌తో లేరని 'ఏఆర్‌పింగ్'తో చూసుకున్నా. మెయిన్ స్విచ్ ఆపి వేసి రెండుసార్లు పరీక్షించాకే ఇంటికెళ్లా.

మళ్లీ మర్చిపోతానేమోనని బాబాయి అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "10" అని పెద్దగా రాసి కౌంటర్ మీద అంటించాడు. నిన్న ఎవరో అది చూసి, "ఏంటండీ, కాపీకి పది రూపాయలా?" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారట.