చెట్టు వండుడేంది బిడ్డా?

హనుమకొండలో మా పెరటి అరటిచెట్టు మొదటిసారి గెల వేసింది. కాయలకు బలం పడుతుందని గెల చివరి పువ్వును కోసి పారేయబోతుంటే పక్కింటి ఆంటీ గోడ మీంచి ఆపారు. "అయ్యో, అది కూర వండుకోవాలమ్మా!" ఆవిడది అమలాపురం దగ్గర పల్లె. మా ఇంట్లో అరటిపువ్వు కూర నేనెప్పుడూ చూడలేదు.

వండటం ఏముంది గానీ, ఒలవడమే పెద్ద పని. ఎర్ర డొప్ప ఒక్కోటి లేపితే కింద వరసగా సన్నటి పూలు. ప్రతి పువ్వులో తల ఉబ్బిన గట్టి కాడ ఒకటి, గాజుకాగితం లాంటి చిన్న రేకు ఒకటి. ఎంత ఉడికించినా మెత్తబడవట, రెండూ తీసెయ్యాలి. చేతులకు నూనె రాసుకోమని ఆంటీ చెప్పారు, రాసుకున్నాను. చున్నీ సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆ జిగురు మరక ఇప్పటికీ పోలేదు. లోపలి తెల్ల మొగ్గను అలాగే తరిగెయ్యొచ్చు. నల్లబడకుండా తరిగినవన్నీ మజ్జిగలో వేశాను. మొత్తం గంటన్నర పట్టింది.

పసుపు, ఉప్పు, చింతపండు రసంతో ఉడికించి, గట్టిగా పిండి పోపులో వేశాను. తప్పంతా ఆవ దగ్గరే జరిగింది. ఆవాలు, ఎండుమిర్చి నూరిన ముద్దను పొయ్యి మీదే కలిపి ఐదు నిమిషాలు వేయించాను. ఒకటే చేదు! దింపి చల్లారాక కలపాలట. ఆ పూట పచ్చిపులుసుతో కానిచ్చాం.

గెల దించాక చెట్టు ఎలాగూ కొట్టెయ్యాలి, మళ్లీ కాయదు. బోదె పట్టలన్నీ ఒలిస్తే లోపల ముంజేయంత తెల్లటి దూట. చక్రాలుగా కోస్తుంటే ప్రతి కోతకూ దారాల్లాంటి పీచు లేస్తుంది, దాన్ని వేలికి చుట్టి లాగెయ్యాలి. అత్తమ్మ చూసి నవ్వింది. "చెట్టు కొడితే బర్రెకేస్తం గానీ, వండుడేంది బిడ్డా?"

ఈసారి ఆవ జోలికి పోలేదు. ఉడికిన దూటలో నానిన శనగపప్పు, వేయించిన నువ్వుల పొడి, చపాటా మిర్చి కారం వేశాను. ఈ ప్రాంతపు ప్రత్యేక పంటగా 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చే. చూపుకు ఎర్రగా ఉంటుంది గానీ మంట తక్కువ, దూట రుచిని మింగెయ్యదు.

అత్తమ్మ రెండో జొన్నరొట్టె కూడా దాంతోనే తిన్నది. పట్టలు మాత్రం పక్క సందులో బర్రెలకు వేసి వచ్చాం.